నేల టిక్కెట్టు – ఒక న్యాయవిచారం

మా పశ్చిమ కర్నూలు సీమలో "నేల టిక్కెట్టు" అన్న మాటకు ఇప్పుడు రెండే ప్రయోగాలు మిగిలాయి. ఒకటి, ఎవరి అభిరుచినైనా తక్కువ చేసి మాట్లాడడానికి. రెండవది, పాత రోజులను తలుచుకొని నిట్టూర్చడానికి. 2018లో ఆ పేరుతోనే ఒక చలనచిత్రం వచ్చింది. ఆ చిత్రాన్ని నేల మీద కూర్చొని చూడగల హాలు ఆదోనిలోగాని ఎమ్మిగనూరులోగాని నాకు కనబడలేదు. వస్తువు పోయి పేరు మిగిలిన చోట ఆ పేరు వెనుక కథను వెదకడం తెలుగు పండితులకు పాత అలవాటు. ఆ అలవాటు కొద్దీ ఈ వ్యాసం.

ఇంగ్లండులో ఫుట్‌బాల్ అభిమానులు ముప్పయి ఏండ్లకు పైగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. ఏడాది పొడుగునా సొంత మైదానంలో జరిగే ఆటలన్నింటికీ కలిపి ముందుగానే కొనే సీజను టిక్కెట్టు వెల న్యాయమైనదేనా, సామాన్యుడు దాన్ని భరించగలడా అని. మనకు ఫుట్‌బాల్ అంత ప్రాణం కాదు. మనకు సినిమా ప్రాణం. అయినా ప్రశ్న ఒకటే. ఒక వేడుకను నిలబెట్టేది జనం. ఆ జనంలో అందరికంటే పేదవాడికి లోపలికి వెళ్ళే దారి ఉన్నదా, లేదా?

చందా కాలం

టిక్కెట్టు మన పల్లెలకు కొత్త. అంతకు ముందు ఉన్నది చందా. కృష్ణగిరి, పత్తికొండ, ఆలూరు వైపు పల్లెల్లో పంటలు ఇంటికి చేరిన తరువాత తోలుబొమ్మలాటో, వీధినాటకమో, కన్నడ సరిహద్దు ఊళ్ళలో బయలాటో ఆడించేవారు. పెద్దలు కూర్చొని లెక్క వేసేవారు. కాడి ఎద్దులున్న రైతు ఇంత, అంగడి ఉన్న కోమటి ఇంత, కూలి ఇంటివారు తమకు తోచినంత. ఆట వారికి బత్యం, దీపాలకు నూనె, చివరకు ఒక చదివింపు. ఆట మొదలయ్యాక ఎవరు ఎంత ఇచ్చారని అడిగేవాడు లేడు. చాప తెచ్చుకున్నవాడు చాప మీద, లేనివాడు మట్టి మీద కూర్చునేవాడు.

ఈ ఏర్పాటును నేను అతిగా పొగడను. కూర్చునే చోటులో కులభేదం ఉండేది. కొందరు దూరం నుండే చూడవలసి వచ్చేది. భరతుడు నాట్యాన్ని అన్ని వర్ణాలవారికీ చెందిన అయిదవ వేదంగా చెప్పినా, మన ఊళ్ళు దాన్ని పూర్తిగా పాటించలేదు. కాని డబ్బు విషయంలో ఒక నియమం ఉండేది. ఉన్నవాడు ఎక్కువ ఇస్తాడు, లేనివాడు తక్కువ ఇస్తాడు, ఆట అందరిదీ ఒకటే. ఊరంతా కలిసి కొన్న సీజను టిక్కెట్టు అది.

బళ్ళారి సభలు, సురభి డేరాలు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. అందుచేత మా వారికి ఆధునిక నాటకం బళ్ళారి నుండే వచ్చింది. ఆంధ్ర నాటక పితామహుడని పేరు పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) అక్కడ సరస వినోదిని సభను నడిపారు. కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) సుమనోరమ సభను నడిపారు. వీరిద్దరూ న్యాయవాదులు. వీరి తరువాతి తరంలో బళ్ళారి రాఘవ (1880–1946) వెలిశాడు. సరస వినోదిని సభ మదరాసులో ఆడిన నాటకాలు చూసిన ఉత్సాహంతోనే పమ్మల్ సంబంధ ముదలియారు 1891లో సుగుణ విలాస సభను స్థాపించారు.

"సభ" అన్న ఈ రూపం ఆలోచింపదగినది. సభ్యుడు చందా కట్టి సభకు చెందినవాడవుతాడు. ఊరి చందాకూ దీనికీ పేరు ఒకటే, న్యాయం మాత్రం వేరు. ఊరి చందా ఇవ్వలేనివాడు కూడా ఆట చూసేవాడు. సభ చందా కట్టనివాడు బయటివాడు. మదరాసులో 1928లో వెలిసిన సంగీత అకాడమీ వంటి సంస్థల డిసెంబరు కచేరీలకు సీజను టిక్కెట్టు అన్న పద్ధతి ఈ దారిలోనే స్థిరపడింది. అయితే ఆ సభలలో పగటిపూట చిన్నవారి కచేరీలకు ఉచిత ప్రవేశం ఉండే ఆచారం కూడా ఏర్పడింది. తలుపు పూర్తిగా మూసినవారికి కూడా ఒక కిటికీ తెరవక తప్పలేదన్న మాట.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో మొదలైన సురభి నాటక సమాజం వేరొక దారి పట్టింది. అది వకీళ్ళ సభ కాదు, కుటుంబాల జీవనోపాధి. ఊరూరా డేరా వేసి, ముందు నేల, వెనుక బెంచీలు, ఆ వెనుక కుర్చీలు పెట్టి నాటకం ఆడడం వారి జీవితం. పల్లెవాడికి టిక్కెట్టును అలవాటు చేసింది ఇటువంటి డేరాలే. టూరింగు టాకీసులు వచ్చినప్పుడు ఆ అమరికనే యథాతథంగా తీసుకున్నాయి.

నేల, బెంచి, కుర్చీ

1970ల నాటి డేరా హాళ్ళను చూసినవారికి ఆ అమరిక చెప్పనక్కరలేదు. తెరకు దగ్గరగా ఇసుక పరచిన నేల. దాని వెనుక బెంచీలు. అన్నిటికంటె వెనుక కుర్చీలు. ఆడవారికి పక్కన వేరే అడ్డు. టిక్కెట్టు ఇచ్చే చోట గోడకు ఒక చెయ్యి మాత్రమే పట్టే రంధ్రం. దానిలో నాలుగు చేతులు ఒకేసారి దూరేవి. నేలలో కూర్చున్నవాడు మెడ ఎత్తి చూడాలి, నిజమే. కాని ఇసుకను కుప్ప చేసుకొని తనకు తానే సింహాసనం కట్టుకునేవాడు. ఈల వేసేది, కాగితాలు చల్లేది, ఆడుతుందో లేదో మొదటి రోజునే తేల్చేది ఆ తరగతివాడే. కుర్చీలవాడు వాడి తీర్పు విని మరునాడు వచ్చేవాడు.

ఈ పద్ధతికి తోడుగా మరొక ఏర్పాటు ఉండేది. చిత్రం ముందుగా పెద్ద పట్టణాలకు వచ్చేది, ఆ తరువాత మధ్య తరగతి పట్టణాలకు, చివరకు పల్లెలకు. ఎ, బి, సి సెంటర్లని వ్యాపారులు పిలిచే క్రమం ఇది. ప్రింట్లు కొన్నే ఉండేవి కనుక కర్నూలులో ఆడిన పెట్టె ఆదోనికి, అక్కడ నుండి చిన్న ఊళ్ళకు వచ్చేసరికి నెలలు గడిచేవి. ఆలస్యమే పేదవానికి రాయితీ. ఓపిక ఉన్నవాడికి వెల తగ్గేది.

ధరల మీద ప్రభుత్వం చెయ్యి కూడా పాతదే. 1939 నాటి వినోదపు పన్ను చట్టం, 1955 నాటి సినిమాల క్రమబద్ధీకరణ చట్టం మన రాష్ట్రంలో దీనికి మూలాలు. 1984 జనవరి 1 నుండి పన్నును అమ్మిన టిక్కెట్ల మీద కాక, హాలు నిండితే ఎంత వస్తుందో ఆ మొత్తం మీద లెక్క కట్టే పద్ధతి వచ్చింది. ఖాళీ కుర్చీకి కూడా పన్ను కట్టవలసి వచ్చింది. 1993లో సుప్రీం కోర్టు ఆ పద్ధతిని సమర్థించింది.

తరువాత టెలివిజను వచ్చింది, డేరాలు పోయాయి. హాళ్ళు నేలను సిమెంటు చేసి కుర్చీలు వేశాయి. కుర్చీ వేయడం గౌరవమే. కాని కుర్చీతో పాటు వెల మారింది. ఆ పైన 2000ల రెండవ భాగంలో చిత్రాలు ఉపగ్రహం ద్వారా, డిజిటల్ రూపంలో హాళ్ళకు చేరసాగాయి. అన్ని ఊళ్ళలో ఒకే రోజు విడుదల. వసూళ్ళన్నీ మొదటి వారానికి కుదించుకుపోయాయి. పేదవానికి నేల పోయింది, ఆలస్యం అనే రాయితీ కూడా పోయింది. ఈ రెండూ ఒకే కాలంలో పోవడమే నేటి తగవుకు అసలు కారణమని నా అభిప్రాయం.

లండన్ నుండి లివర్‌పూల్ దాకా

ఈ తగవు మనకు మాత్రమే వచ్చినది కాదు. లండన్‌లోని కోవెంట్ గార్డెన్ నాటకశాల 1808లో కాలిపోయింది. 1809 సెప్టెంబరులో కొత్త భవనం తెరిచారు. ఖర్చు రాబట్టుకొనడానికి తెర ముందున్న పిట్ తరగతి వెలను మూడున్నర షిల్లింగుల నుండి నాలుగుకు, బాక్సుల వెలను ఆరు నుండి ఏడుకు పెంచారు. ధనికులకు సొంత బాక్సులు ఎక్కువగా కట్టారు. ప్రేక్షకులు తిరగబడ్డారు. "పాత ధర" కావాలని 67 రాత్రుల పాటు నాటకం వినపడనీయకుండా గోల చేశారు. నిర్వాహకుడైన నటుడు కెంబుల్ చివరికి దిగివచ్చాడు. రాజీ ఎలా కుదిరిందో గమనించాలి. బాక్సులకు పెంచిన వెల అలాగే ఉన్నది. పిట్ వెల మాత్రం పాతదానికి వచ్చింది. జనం అడిగినది అందరికీ చౌక కాదు. తమ తలుపు తమకు ఉండాలని.

ఫుట్‌బాల్ మైదానాలలో మన నేలకు సరిపోయేది నిలబడి చూసే మెట్ల తరగతి. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాట 97 మంది ప్రాణాలు తీసింది. దానిపై విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్ 1990 జనవరిలో నివేదిక ఇచ్చి, పెద్ద మైదానాలన్నింటిలోనూ అందరికీ కుర్చీలు ఉండాలన్నాడు. కుర్చీ వేసినంత మాత్రాన వెల విపరీతంగా పెరగనక్కరలేదని కూడా అదే నివేదికలో రాశాడు. గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానంలో కుర్చీకి 6 పౌన్లు, నిలబడడానికి 4 పౌన్లు అని ఉదాహరణ చూపాడు. క్లబ్బులు కుర్చీలు వేశాయి, రెండవ మాట మరిచిపోయాయి.

2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ క్లబ్బు మరుసటి ఏడాదికి అత్యధిక టిక్కెట్టు 77 పౌన్లని, కొన్ని సీజను టిక్కెట్లు 1000 పౌన్లు దాటుతాయని ప్రకటించింది. ఫిబ్రవరి 6న సండర్లాండ్ జట్టుతో ఆట జరుగుతుండగా, సరిగ్గా 77వ నిమిషంలో వేలాది అభిమానులు లేచి బయటకు నడిచారు. అప్పటికి 2–0తో గెలుస్తున్న జట్టు చివరకు 2–2తో తృప్తి పడింది. కొద్ది రోజుల్లో క్లబ్బు పెంపును వెనక్కు తీసుకుంది. ఆ ఏడాదే ప్రీమియర్ లీగ్ క్లబ్బులు పరాయి ఊరి నుండి వచ్చే అభిమానికి 30 పౌన్లకు మించి వెల పెట్టరాదని ఒప్పుకున్నాయి. జర్మనీలో మాత్రం నిలబడే తరగతిని కాపాడుకున్నారు. డార్ట్మండ్ మైదానపు దక్షిణ భాగంలో ఇప్పటికీ సుమారు 25,000 మంది నిలబడి చూస్తారు. అక్కడి క్లబ్బులలో సభ్యులకు సగానికి మించి ఓటు ఉండాలన్న నియమం దీనికి ఒక కారణం.

సీజను టిక్కెట్టులో మరొక సూక్ష్మం ఉన్నది. లెక్కకు అది చౌక. ఒక్కొక్క ఆటకు కొనడం కంటే తక్కువ పడుతుంది. కాని ఏడాది డబ్బు ఒకేసారి చేతిలో ఉన్నవాడికే ఆ చౌక దక్కుతుంది. ఎమ్మిగనూరు సంతలో బియ్యం మూటగా కొనేవాడికి ఒక ధర, శేరుగా కొనేవాడికి ఒక ధర. తక్కువ ఉన్నవాడే ఎక్కువ ఇచ్చే వింత అన్ని చోట్లా ఒకటే.

ఫుట్‌బాల్ మాట వచ్చింది కనుక మన హైదరాబాదును విడువరాదు. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సార్లు రోవర్స్ కప్పు గెలిచిన నగర పోలీసు జట్టుది ఆ ఊరే. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారతదేశానికి బంగారం తెచ్చిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీందీ ఆ ఊరే. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బు 2022 మార్చిలో దేశపు లీగును గెలిచింది. ఆ తరువాత ఆర్థికంగా చితికిపోయి, 2025లో యాజమాన్యం దానిని ఢిల్లీకి తరలించింది. సీజను టిక్కెట్టు న్యాయమా కాదా అని తగవులాడే భాగ్యం కూడా అక్కడి అభిమానులకు మిగలలేదు. జనం ఒక అలవాటుగా మైదానానికి రాని చోట వేడుక నిలవదు. ఆ అలవాటును పెంచేది చౌక తరగతే.

రెండు ఉత్తర్వులు

2021 ఏప్రిల్ 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 35వ నంబరు ఉత్తర్వుతో ధరలను నిర్ణయించింది. ఆదోని, ఎమ్మిగనూరు వంటి మునిసిపాలిటీలలో శీతలీకరణ లేని హాలులో అట్టడుగు తరగతి 15 రూపాయలు, శీతల హాలులో పై తరగతి 70 రూపాయలు. కృష్ణగిరి మండలంలోని ఊళ్ళ వంటి గ్రామ పంచాయతీలలో శీతలీకరణ లేని హాలుకు 5, 10, 15 రూపాయలు. 5 రూపాయలకు ఆనాడు టీ కూడా రాదు. కరెంటు ఖర్చు రాదని యజమానులు మొరపెట్టుకున్నారు. ఆ డిసెంబరులో కొన్ని హాళ్ళు మూతపడ్డాయి. 2021 డిసెంబరు 14న హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది.

2022 మార్చి 7న 13వ నంబరు ఉత్తర్వు వచ్చింది. మునిసిపాలిటీలలో శీతలీకరణ లేని హాలుకు 30, 50 రూపాయలు, ఉన్నదానికి 60, 80 రూపాయలు. పల్లెలలో 20, 40 నుండి మొదలు. ప్రతి హాలులో రెండే తరగతులు, వాటిలో నాలుగవ వంతు కుర్చీలు తక్కువ వెల తరగతికి కేటాయించాలి. నాకు ఈ ఉత్తర్వులో నచ్చినది ఆ నాలుగవ వంతు నియమమే. చట్టం తెలిసో తెలియకో మళ్ళీ నేల టిక్కెట్టును గుర్తించింది. అయితే అదే ఉత్తర్వు భారీ వ్యయంతో తీసిన చిత్రాలకు మొదటి పది రోజులు ధర పెంచుకొనే వీలు కూడా కల్పించింది. ముందే చెప్పినట్లు వసూళ్ళన్నీ ఆ పది రోజులలోనే ఉన్నప్పుడు, మినహాయింపే నియమమైపోతుంది.

కూలి లెక్క

న్యాయమైన వెల అంటే ఏది? నా మట్టుకు దానికి కొలబద్ద ఒక రోజు కూలి. 2022–23లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 257 రూపాయలు. నలుగురున్న కుటుంబం ఆదోనిలో 30 రూపాయల తరగతిలో సినిమా చూస్తే 120 రూపాయలు, సగం రోజు కూలి కంటే తక్కువ. శీతల హాలు పై తరగతిలో చూస్తే 320 రూపాయలు, ఒక రోజు కూలిని మించినది. ఇంతవరకు భరింపదగినదే. 2025–26లో కూలి 307 రూపాయలు. 2025 సెప్టెంబరులో "ఓజీ" చిత్రానికి ముందస్తు ప్రదర్శన టిక్కెట్టు 1000 రూపాయలకు అనుమతి ఇచ్చారు. ఒక్క మనిషికి మూడు రోజుల కూలి దాటింది. సాధారణ హాళ్ళలో కూడా పది రోజుల పాటు టిక్కెట్టుకు 125 రూపాయల వరకు పెంచుకోవచ్చన్నారు. నలుగురికి ఆ హెచ్చు మాత్రమే 500 రూపాయలు. అదే నెల 22 నుండి 100 రూపాయల లోపు టిక్కెట్టుపై పన్నును 12 నుండి 5 శాతానికి తగ్గించారు. ఆ 100 రూపాయల గీతకు లోపల ఏ టిక్కెట్టూ మిగలని పది రోజుల్లో ఆ తగ్గింపు ఎవరికి దక్కుతుంది?

మా వైపు ఈ లెక్కకు మరొక బరువు ఉన్నది. కోసిగి, కౌతాళం, ఆదోని మండలాల నుండి ఏటా వేల కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు సీమలో మిరపకాయలు కోసి ఎండాకాలానికి తిరిగివస్తాయి. నేను పాఠం చెప్పిన తరగతుల్లో ఆ నెలల్లో బెంచీలు ఖాళీ అయ్యేవి. తిరిగివచ్చిన పిల్లలను ఏమి చూశారని అడిగితే, దారిలో చూసిన సినిమా కథను పద్యం అప్పజెప్పినట్లు అప్పజెప్పేవారు. ఏడాదికి అదొక్కటే వారి వేడుక. వారి సీజను అదే. వారి చేతిలో నాలుగు డబ్బులున్న ఆ పది రోజులూ, టిక్కెట్టు పెరిగిన ఆ పది రోజులూ ఒకటైతే, వారు హాలు ముందు నుండి నడిచిపోతారు. ఇంటికి వెళ్ళి సెల్‌ఫోనులో దొంగ ప్రతి చూస్తారు. దీనివల్ల నష్టం వారికే కాదు, హాలుకూ, చిత్రం తీసినవారికీ కూడా.

యజమానుల బాధను నేను కాదనను. 5 రూపాయల టిక్కెట్టు న్యాయం కాదు, అది హాలును చంపి పేదవాడికి మేలు చేశామనుకోవడం. పెద్ద చిత్రానికి పెద్ద ఖర్చు అవుతుందన్నదీ నిజమే. అయితే ఆ ఖర్చును బాక్సులవారు మోయాలన్నది 1809లోనే తేలిన తీర్పు. ముందు వరుసలవాడి మీద వేయరాదు. ప్రతి హాలులో నాలుగవ వంతు కుర్చీలు, మొదటి రోజు మొదటి ఆటతో సహా, మామూలు వెలకే అమ్మాలి. మిగిలిన మూడు వంతుల మీద వారికి కావలసినంత పెంచుకోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. ఈ ఒక్క నియమం ఉంటే ధర ఎంత అన్న తగవులో సగం తీరుతుంది. పల్లె చందాలో కాడి ఉన్నవాడికి ఇంత, కూలివాడికి ఇంత అని పెద్దలు పాటించిన న్యాయమే ఇది.

మీ మీ ఊళ్ళలో నేల తరగతిని ఏమని పిలిచేవారో, ఏ సంవత్సరం వరకు ఉన్నదో, ఆఖరి వెల ఎంతో గుర్తున్నవారు దయచేసి రాయండి. హాళ్ళు ఒక్కొక్కటే కల్యాణ మండపాలుగా, గిడ్డంగులుగా మారిపోతున్నాయి. ఆ టిక్కెట్టు ముక్కలు ఎవరూ దాచుకోలేదు. మన జ్ఞాపకాలు తప్ప ఈ చరిత్రకు వేరే పత్రాలు లేవు.